గాదెలో కొండ వడ్లు

చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఉన్న తంబోన్ కార్యాలయం వరండాలో నోటీసు బోర్డు ముందు నిలబడి లమ్దువన్ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి నమ్మబుద్ధి కాలేదు. మూడోసారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"గ్రామం: నోన్‌ఖే. ఇళ్లు: నూట నలభై మూడు. ప్రధాన వృత్తి: వరి సాగు, నూటికి నూరు శాతం. స్థానికంగా ఎదగగల ఇతర పరిశ్రమలు: ఏమీ లేవు. సిఫారసు: కర్రపెండలం పిండి మిల్లు. స్థలం: ఊరికి తూర్పున నదిని ఆనుకున్న ఆరువందల రాయ్‌ల విస్తీర్ణం గల పొదల నేల. ఆ నేల ప్రస్తుత వినియోగం: శూన్యం."

అడుగున ఊరిపెద్ద థవీ సంతకం, దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉన్నాయి. "ఇంటింటి వివరాలు సేకరించినవారు: శ్రీమతి లమ్దువన్, గ్రామ ఆరోగ్య కార్యకర్త."

శూన్యమట!

వాళ్లు పొదల నేల అన్నది ముంపు అడవిని. వానలు ముదిరి సోంగ్‌ఖ్రామ్ నది గట్లు దాటిందంటే నాలుగు నెలలు అది అడవి కాదు, సముద్రం. చెట్ల మొదళ్ల మధ్య చేపలు గుడ్లు పెడతాయి. నీళ్లు వెనక్కి తీసే వారాల్లో నోన్‌ఖేలో వల పట్టనివాళ్లు ఉండరు. ఆ చేపనే ఉప్పు, తవుడు పట్టించి జాడీల్లో కుక్కి ఏడాదిపాటు ఊరబెడితే పదేక్ అవుతుంది. స్తంభాల మీద నిలబడ్డ లమ్దువన్ ఇంటి కింద అలాంటివి పదకొండు జాడీలున్నాయి. మొగుడు పోయాక పదహారేళ్లు ఇద్దరు ఆడపిల్లల్ని ఆ జాడీలే పెంచాయి. ఆ అడవికి గట్టు పోసి, ఎత్తు చేసి, మిల్లు కడతారట. అందుకు సాక్షిగా వేసిన పేరు తనదే.

"ఏంటి లమ్దువన్, బోర్డును కళ్లతోనే చీల్చేస్తావా?"

వెనకనుంచి ఊరిపెద్ద థవీ. చేతిలో ఐసుముక్కలు వేసిన కాఫీ ఉన్న ప్లాస్టిక్ సంచి, నోట్లో గొట్టం. యాభై ఏళ్ల మనిషి. రెండు మట్టి లారీల యజమాని.

"పెద్దయ్యా, ఇదేంటి?"

"చదువొచ్చుగా నీకు. ఊరికి పరిశ్రమ వస్తోంది. ఏ ఊళ్లో ఏ పరిశ్రమ పెడితే బాగుపడుతుందో తేల్చడానికి పట్నంనుంచి నరిత్ ఆచార్య వచ్చాడు, చూశాడు, తేల్చాడు. పిల్లలకి జీతాలొస్తాయి."

"అడవి ఖాళీగా ఉందని ఎవరు చెప్పారు?"

"నువ్వే." థవీ గొట్టంతో ఆమె పేరు మీద తట్టాడు. "మార్చిలో ఇంటింటికీ తిరిగి ఫారాలు రాసింది నువ్వు. నూట నలభై మూడు ఫారాలు. అన్నిట్లోనూ 'వరి సాగు' అని నీ చేత్తోనే రాశావు. ముత్యాల్లాంటి అక్షరాలమ్మా. ఆచార్య మెచ్చుకున్నాడు కూడా."

"నేను రాసింది జనం చెప్పిన మాట."

"మరి గొడవేముంది? ఎల్లుండి తొమ్మిదింటికి ఊరి చావడిలో సభ. చేతులెత్తడం, కాగితం జిల్లాకి పోవడం, అంతే. వానలు పడకముందే గట్టు పని మొదలవుతుంది."

"గట్టుకు మట్టి ఎవరు తోలతారు?"

థవీ కాఫీ పీల్చడం ఆపాడు. తర్వాత నవ్వాడు. "లారీలున్నవాళ్లు తోలతారు. నీ తలమీద గంపతో తోలతానంటే చెప్పు, నీ పేరు కూడా రాయిస్తాను."

లోపలున్న గుమాస్తాలు కిసుక్కుమన్నారు. లమ్దువన్ మోటారు సైకిలెక్కి ఒక్క తన్ను తన్నింది. అది మొదటి తన్నుకే లేచింది. లేకపోతే ఆ తన్ను ఎవరికి తగిలేదో.

*

దారి పొడవునా థవీని తిట్టింది. ఊరి పొలిమేరకు వచ్చేసరికి ఆ తిట్లు దారి మళ్లి తనమీదే పడ్డాయి.

మార్చిలో ఎండలు కాస్తున్న రోజులు. ఆచార్య ఇచ్చిన ఫారంలో "వృత్తి" అని ఒకే ఒక గీత ఉంది. ఏ ఇంటి నిచ్చెన ఎక్కి అడిగినా ఒకటే జవాబు, వరి సాగు. అబద్ధమేమీ కాదు. అందరికీ పొలాలున్నాయి, అందరూ నాట్లు వేస్తారు. చేపలు పట్టడాన్ని నోన్‌ఖేలో ఎవరూ వృత్తి అనుకోరు. ఊపిరి తీసుకోవడం వృత్తి అంటారా? తన ఫారంలో తను కూడా అదే రాసుకుంది.

అది చాలదన్నట్టు ఇంకో ఘనకార్యం. ఆచార్య ఊరు చూడటానికి వస్తున్నాడని తెలియగానే, పదేక్ కంపు ఆయన ముక్కుకు తగిలితే ఊరి పరువు పోతుందని జాడీలన్నీ గేదెల పాకల వెనక్కి తోయించింది ఎవరు? లమ్దువన్. మీద టార్పాలిన్లు కప్పించింది ఎవరు? లమ్దువన్. ఇరవై కిలోమీటర్లు పోయి బజారునుంచి మెత్తటి కేకు, నారింజ సోడా తెప్పించి ఆయన ముందు పెట్టింది ఎవరు? ఆయన కేకు తిని, ఎండిపోయిన అడవిని దూరంనుంచి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. ఊరంతా సంబరపడింది, అతిథికి మర్యాద దక్కిందని.

"పాపం, బాగా తిన్నాడే ఆ రోజు. రెండు ముక్కలు," అంది పక్కింటి జన్‌పెంగ్, సంగతంతా విని. ఆమె పచ్చి బొప్పాయిని కత్తితో చెక్కుతోంది.

"తిన్నది కేకు కాదే, మన అడవిని."

"పోనీ ఇప్పుడు చెబుదాం. మేం చేపలు పడతాం బాబూ అని."

"చెబితే ఏమంటాడు? అప్పుడెందుకు చెప్పలేదంటాడు. ఫారం చూపిస్తాడు. ఎంతకమ్ముతారు అంటాడు. మనం అమ్ముతామా?"

జన్‌పెంగ్ కత్తి ఆగింది. నిజమే, నోన్‌ఖేలో పదేక్ అమ్మరు. చలికాలంలో జాడీలు బండికెత్తుకుని కొండ ఊళ్లకు పోతారు. అక్కడ డబ్బాకు ఇన్ని డబ్బాల వడ్లు అని మార్చుకొస్తారు. తాతల నాడు ఎడ్లబండి, ఇప్పుడు పికప్ బండి. రసీదుల్లేవు, దుకాణం లేదు, ధర చీటీ లేదు.

"లెక్కలో లేనిదాన్ని ఆచార్యకి ఎలా చూపిస్తావక్కా?"

"అదే నా ఏడుపు."

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున లమ్దువన్ ఇరవై ఇళ్లు తిరిగింది. సభలో లేచి మాట్లాడమని బతిమాలింది. ఒకడు నడుం నొప్పి అన్నాడు. ఒకామె, అంత చదువుకున్న మనిషి మొహం మీద కాదంటే ఆయన చిన్నబుచ్చుకోడూ అంది. ఇంకొకాయన, "కాగితంలో రాసింది మన మాటే గదమ్మా, ఇప్పుడు మార్చితే మనమే అబద్ధాలకోరులం" అన్నాడు. మర్యాద! ఇల్లు తగలబడుతున్నా, నిప్పు పెట్టినవాడికి మంచినీళ్లు ఇచ్చే మర్యాద! లమ్దువన్‌కు ఒళ్లు మండిపోయింది. అరిచి లాభం లేదని పళ్లు కొరుక్కుంటూ వచ్చేసింది.

చివరికి మిగిలింది ఫువాంగ్ అవ్వ. ఊళ్లో ఆమె పదేక్‌కు సాటి లేదు. సభకు రమ్మంటే వస్తుందో రాదో. ఎందుకంటే ఆమె థవీకి కన్నతల్లి.

*

అవ్వ ఎండుమిరపకాయలు దంచుతోంది. రోకలి ఆపకుండానే గడ్డంతో మూల చూపించింది.

"ఆ బస్తా మీద కూర్చో పిల్లా. బల్ల విరిగింది. నా కొడుకు బాగుచేస్తానని మూడేళ్లయింది."

లమ్దువన్ కూర్చుంది. సంగతి చెప్పింది. అవ్వ మొహంలో ఏమీ కనబడలేదు. రోకలి దెబ్బ మాత్రం కాస్త బరువెక్కింది.

"వాడు నాతో మిల్లు అన్నాడు. ఎక్కడో అనలేదు."

"సభకు వచ్చి ఒక్క మాట చెప్పవ్వా. నువ్వు చెబితే ఊరు వింటుంది."

"ఊరు వింటుంది. ఆ ఆచార్య వింటాడా? ముసలిదాని కంపు జాడీ గురించి ముసలిది చెప్పుకుంటుంది అనుకుంటాడు." అవ్వ మిరపపొడి వేలితో తీసి నాలుకకు రాసుకుంది. "వాళ్లకి చేతికి తగిలేది కావాలే. మాట కాదు."

లమ్దువన్ విసుగ్గా అరచేతిని కింద బస్తా మీద కొట్టింది. చేతికి వడ్లు గరగరలాడాయి. అనుకోకుండా కిందకు చూసింది. బస్తా మూతి వెదురు బద్దతో కుట్టి ఉంది. పక్కన వెలిసిన నీలం అచ్చు. "ఫూలోమ్ రైతుల సంఘం."

ఫూలోమ్. కొండ మీది ఊరు.

"అవ్వా, ఈ వడ్లు...?"

"ఫూలోమ్‌వి. జనవరిలో జాడీలు తీసుకుపోయి తెచ్చాం గదా, నువ్వూ వచ్చావు. మతిపోయిందా?"

"థవీ గాదెలో ఉన్నవి?"

"వాడి గాదె నేను నింపితే నిండుతుంది. వాడి పెళ్లాం జాడీ మూత తియ్యదు, వాసనట. ఆ వాసనే మూడు పూటలా తింటుంది."

లమ్దువన్ నెమ్మదిగా లేచి నిలబడింది. ఆచార్య ఫారంలో వృత్తి గీత కింద ఇంకో గీత ఉంది. "ఇంట్లో నిల్వ ఉన్న వడ్లు ఎన్ని బస్తాలు?" అందరూ నిజమే చెప్పారు. ముప్పై, ఇరవై ఎనిమిది, నలభై. తను నిజమే రాసింది. ఎక్కడినుంచి వచ్చాయని ఫారం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పొలాలున్న ఊరు, గాదెల నిండా వడ్లు. చూసేవాడు ఏమనుకుంటాడు?

కానీ పోయిన అక్టోబరులో ఆ పొలాల మీద పడవలు తిరిగాయి.

"అవ్వా, గాదె తాళం ఎవరి దగ్గరుంటుంది?"

రోకలి ఆగింది. ముసలామె చేతులు తుడుచుకుంది. తర్వాత నడుముకు చుట్టుకున్న బట్ట మడతను తట్టింది. లోపల ఇనుము చప్పుడైంది.

లమ్దువన్ ఇంటికి పరుగెత్తింది. మంచం కింద రేకుపెట్టె లాగింది. వరదల్లో కాళ్లు చెడిన వాళ్లకు పంచిన పూతమందు జాబితాలు, దోమతెరల చీటీలు, టీకాల కార్డులు అన్నీ నేలమీద పరిచింది. పదో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. చదివింది. తెల్లారినుంచి మొదటిసారి ఆమె పెదవులు విచ్చుకున్నాయి. దాన్ని నవ్వనడానికి లేదు.

*

చావడి నిండిపోయింది. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక, చాపల మీద. పంకాలు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. నరిత్ ఆచార్య ముప్పై అయిదేళ్లవాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. తెల్లగుడ్డ మీద బొమ్మలు వేసి చూపిస్తున్నాడు. ఏ ఊరికి ఏ పరిశ్రమ అనువైనదో తేల్చడానికి ఆయనకు మార్కుల పట్టిక ఉంది. ముడిసరుకుకు ఇన్ని, దారికి ఇన్ని, నైపుణ్యానికి ఇన్ని. పిండి మిల్లుకు ఎనభై ఒకటి. మిగతావాటికి సున్నా దాటలేదు.

"ఇది మీరిచ్చిన వివరాలనుంచి వచ్చిందే," అన్నాడు ఆచార్య. "నా సొంత అభిప్రాయం ఒక్కటి కూడా లేదు."

థవీ లేచి చేతులు కట్టుకున్నాడు. "అయితే చేతులెత్తుదాం. ఎండ ముదురుతోంది."

"ఒక సందేహం," అంది లమ్దువన్.

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"సందేహాలు తర్వాత," అన్నాడు థవీ.

"చేతులెత్తాక సందేహం ఎందుకు పెద్దయ్యా, దింపుకోవడానికా?" ఆమె లేచి నిలబడింది. "ఆచార్యా, మాది వరి బాగా పండే ఊరని రాశారు. ఏం చూసి రాశారు?"

ఆచార్య మొహం విప్పారింది. ఎవరో శ్రద్ధగా చదివారన్న సంతోషం. "మంచి ప్రశ్న. కోతలైన నాలుగు నెలలకు కూడా మీ ఇళ్లలో సగటున ముప్పై బస్తాల వడ్లున్నాయి. పద్నాలుగు ఊళ్ల తంబోన్‌లో మీదే మొదటి స్థానం."

ఎవరో చప్పట్లు కొట్టారు. జన్‌పెంగ్ మొగుడు. జన్‌పెంగ్ వెనకనుంచి వీపులో పొడిచింది. చప్పట్లు ఆగిపోయాయి.

"ఇదిగో ఇంకో కాగితం. పోయిన అక్టోబరుది. చదువుతాను." లమ్దువన్ కాగితం మడత విప్పింది. "'నోన్‌ఖే గ్రామంలో వరి పంట మొత్తం ముంపునకు గురై పూర్తిగా నష్టపోయినట్టు ధ్రువీకరించడమైనది. ఒక్క గింజ కూడా చేతికి రాలేదు.' వరద సాయానికి పంపింది, నకలు నా మందుల జాబితాకు జతగా వచ్చింది. కింద సంతకం, ఊరిపెద్ద థవీ."



ఆచార్య చెయ్యి చాచాడు. కాగితం ఆయన దగ్గరకు చేరింది. ఒకసారి దాన్ని, ఒకసారి తెల్లగుడ్డ మీది అంకెల్ని చూశాడు. "అక్టోబరులో గింజ రాకపోతే మార్చిలో ముప్పై బస్తాలు ఎలా ఉంటాయి?"

"అదే నా సందేహం. మిల్లు కాగితం మీదా పెద్దయ్య సంతకమే. ఈ కాగితం మీదా ఆయన సంతకమే. ఏది అబద్ధం?"

థవీ చెవులు ఎర్రబడ్డాయి. కానీ పాతికేళ్లు సభలు నడిపిన మనిషి, తడబడలేదు. "వరద నిజం. ఊరు ఊరంతా చూసింది. తప్పంతా ఫారాలు రాసినామెది. నాలుగో తరగతి చదువు, ఎక్కడ మూడు రాయాలో అక్కడ ముప్పై రాసుంటుంది. ఏం చేస్తాం, జ్వరం చూసే చేత్తో లెక్కలు రాయిస్తే ఇంతే."

ముందు వరసలో నవ్వులు. ఆమె చేత్తో మందు రాయించుకున్న కాళ్లే, ఆమె చేత్తో టీకాలు వేయించుకున్న పిల్లల తండ్రులే. లమ్దువన్ ఆ నవ్వులు ఆగేదాకా నిలబడింది.

"సరే, తప్పు నాదే. నా తప్పు ఆచార్యకు చూపిద్దాం పదండి. ముందు ఊరిపెద్ద గాదెకే. ముప్పై ఎనిమిది బస్తాలని ఆయన పెళ్లాం చెప్పింది, నేను రాశాను. లేకపోతే ఇక్కడే నా పేరు కొట్టేయండి, మిల్లుకు మొదటి చెయ్యి నేనే ఎత్తుతాను."

"నా ఇల్లు సోదా చేస్తావా? పోలీసువా నువ్వు?"

"ఇల్లొద్దు. గాదె చాలు."

"గాదెకు తాళం ఉంది. తాళంచెవి నా పెళ్లాం దగ్గరుంది, అది బజారుకు పోయింది."

"లేదురా." చావడి చివర స్తంభాన్ని పట్టుకుని ఒక ముసలామె లేచింది. "తాళంచెవి నా మొలలో ఉంది. నువ్వు పుట్టకముందునుంచీ అక్కడే ఉంది."

ఈసారి నవ్వింది వెనక వరసలు.

*

థవీ గాదె ఎత్తైన కొయ్య స్తంభాల మీద ఉంది. ఊరంతా కింద మూగింది. ఆచార్య బూట్లు విప్పి నిచ్చెనెక్కాడు. లోపలికి దూరాడు. కొంతసేపు దుమ్ములో ఆయన తుమ్ములు మాత్రం వినబడ్డాయి.

తర్వాత తల బయటపెట్టాడు. జుట్టునిండా ఊక.

"ముప్పై ఒకటి ఉన్నాయి. మార్చినుంచి తిన్నవి తీసేస్తే సరిపోతుంది. ఈమె రాసింది సరైనదే." ఆగాడు. "అన్నిటి మీదా ఫూలోమ్ రైతుల సంఘం అని ఉంది. ఫూలోమ్ ఇక్కడికి తొంభై కిలోమీటర్లు. ఇక్కడికెలా వచ్చాయి?"

"నడిచొచ్చాయి," అంది ఫువాంగ్ అవ్వ. "దారిలో టీ తాగి."

ఊరు గొల్లుమంది. అవ్వ నవ్వలేదు.

"నా జాడీలు పోయాయి, అవి వచ్చాయి. ఊరంతా అంతే. ఏ గాదె ఎక్కినా కొండ వడ్లే. ఈ గింజ చూడు, పొట్టు మీద నల్ల చార. ఇది మా పొలంలో మొలవదు. అయిదేళ్లలో మూడేళ్లు మా పొలంలో ఏదీ మొలవదు, చేపలు తప్ప. ఆ చేపలు ఎక్కడివో వీణ్ణే అడుగు." ఆమె వేలు కొడుకు వైపు తిరిగింది.

ఆచార్య నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాడు. "అంటే ముప్పై బస్తాలూ చేపలవే... నూట నలభై మూడు ఇళ్లకూ..." గొంతు పెంచాడు. "కానీ నేను మార్చిలో వచ్చాను. ఊరంతా తిరిగాను. ఒక్క జాడీ కనబడలేదు. ఒక్కరు ఒక్క మాట చెప్పలేదు. నేనెలా తెలుసుకోవాలి?"

జనం నేల చూపులు చూశారు. లమ్దువన్ నిచ్చెన దగ్గరకు వెళ్లింది.

"జాడీలు దాచింది నేను. మీకు కంపు కొడుతుందని. మీకు కేకు పెట్టింది నేను. ఆ తప్పు నాది, అది నేను మొయ్యాలి. కానీ మీరడిగింది ఏంటి? వృత్తి ఏంటని. మీరు తినే తిండి ఎక్కడిదని ఒక్క ఇంట్లో అడిగారా? మార్చిలో అడవి ఎండి ఉంటే, సెప్టెంబరులో ఎలా ఉంటుందని అడిగారా? దగ్గరకైనా పోలేదు, బూట్లకు ముళ్లు గుచ్చుకుంటాయని! రోడ్డు మీద నిలబడి శూన్యం అని రాశారు. ఏ చేత్తో రాశారు?"

ఆచార్య జుట్టులోని ఊక దులుపుకున్నాడు.

"చేపలు నదిలో ఎక్కడైనా దొరుకుతాయి," అన్నాడు థవీ. గొంతులో పాత బిగువు లేదు. "అడవి లేకపోతే చేపల్లేవా?"

తల్లి వాడి దగ్గరకు వచ్చింది. ఆమె తల వాడి భుజం దాకా కూడా రాదు.

"గట్టు పోసేస్తే చేప గుడ్లు ఎక్కడ పెడుతుందిరా, నీ లారీ తొట్లోనా? పొలం మునిగిన ప్రతి ఏడూ నువ్వు జిగురన్నమే తిన్నావు. ఒక్క పూట పస్తున్నావా? చెప్పు అందరి ముందు."



ఆచార్య దిగివచ్చాడు. "ఈ నివేదిక ఇలా పంపలేను. మళ్లీ ఇంటింటికీ సర్వే చేయాలి. ఊరబెట్టిన చేపకు ఇక్కడ ఎంత నైపుణ్యం ఉంది, ఎన్ని జాడీలు, కొండ ఊళ్లు కాక ఇంకెక్కడ గిరాకీ... అన్నీ కొత్తగా. ఒక మాట ముందే చెబుతున్నా. మిల్లు ప్రతిపాదన చచ్చిపోయిందని కాదు. స్థలం గురించి పైవాళ్లు మళ్లీ అడగొచ్చు."

"అడగనివ్వండి. ముందు ఆ శూన్యం కొట్టేయండి."

"కార్యాలయానికి వెళ్లాక..."

"ఇక్కడే. ఇప్పుడే. అందరూ చూస్తుండగా."

ఆచార్య నిచ్చెన మెట్టు మీద కాగితం పెట్టి ఆ మాటను అడ్డంగా కొట్టేశాడు. పైన రాశాడు, "చేపలు గుడ్లు పెట్టే నేల, గ్రామ జీవనాధారం." సంతకం పెట్టాడు. లమ్దువన్ పెట్టింది. కలం ఊరిపెద్ద ముందుకు వచ్చింది.

"నేను పెట్టను," అన్నాడు థవీ.

ఫువాంగ్ అవ్వ నెమ్మదిగా గాదె తలుపు మూసింది. తాళం వేసింది. తాళంచెవిని మొలలో దోపుకుని మడత బిగించింది.

"మంచిది. బజార్లో బియ్యం కొనుక్కో. నీ పెళ్లానికి కూడా వాసన బాధ తప్పుతుంది."

థవీ చుట్టూ చూశాడు. ఇందాక ముందు వరసలో నవ్వినవాళ్లు ఇప్పుడు ఆకాశంలో మబ్బులు వెతుకుతున్నారు. కలం లాక్కున్నాడు. సంతకంతో పాటు కాగితానికి చిల్లు కూడా పడింది.

*

మరుసటి వారం కొత్త ఫారాలు వచ్చాయి. ఈసారి మొదటి ప్రశ్న లమ్దువన్ పట్టుబట్టి పెట్టించింది. "పోయిన ఏడాది మీ ఇంట్లో తిన్న అన్నం ఎక్కడినుంచి వచ్చింది?" వృత్తి గీత మాత్రం అలాగే ఉంది. అది తీయడానికి పైవాళ్లు ఒప్పుకోలేదట.

మొదటి ఇల్లు తొంగ్‌దీ తాతది. డెబ్భై రెండేళ్లవాడు. ఇంటి కింద ఉయ్యాల మంచంలో పడుకుని, వల కన్నం కుడుతున్నాడు. పక్కన తొమ్మిది జాడీలు.

"తాతా, వృత్తి?"

"తెలియనట్టు అడుగుతావేంటమ్మా? వరి సాగు."

లమ్దువన్ చేతిలో పెన్సిలు విరిగింది.

"తాతా, నీ చేతిలో ఏముంది?"

"వల."

"నీ పక్కన?"

"జాడీలు."

"పోయినేడు పొలంలో ఏం దొరికింది?"

"బురద." తాత ఆలోచించాడు. "ఒక పెద్ద వాలుగ కూడా."

"మరి వృత్తి ఏంటి?"

తాత సూది ఆపాడు. మొహంలో నిజమైన అయోమయం.

"ఇది పనేంటమ్మా? ఇది తిండి గదా."

ఆమెకు అరవాలనిపించింది. ఆ వలను లాగి నేలకేసి కొట్టాలనిపించింది. మార్చిలో తన ఫారంలో తను రాసుకున్న రెండు మాటలు గుర్తొచ్చి నోరు మూసుకుంది. విరిగిన పెన్సిలు మొనను గోటితో సరిచేసి, ఆ గీత మీద గట్టిగా నొక్కి రాసింది, "చేపలు పట్టడం, పదేక్ పెట్టడం." పక్కన జాడీల సంఖ్య వేసింది. తాతకు చదివి వినిపించింది. తాత భుజాలెగరేసి, ఏదో ఒకటి రాసుకో అన్నట్టు మళ్లీ వల మీదకు వంగాడు.

ఇక నూట నలభై రెండు ఇళ్లున్నాయి. పక్క దొడ్లో, గేదెల పాక వెనక, జాడీల మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది. సర్వేకు ఆచార్య వస్తున్నాడనగానే ఎవరో మళ్లీ కప్పారు.

"జన్‌పెంగ్!" ఆమె కంచె అవతలినుంచే అరిచింది. "ఆ గుడ్డ నువ్వు తీస్తావా, నేనొచ్చి తియ్యనా?"